చిన్న తయారీదారుల పాతకాలపు తీరు వాచీలు – 4వ పాఠం: కొబ్బరి ఈనెతో కొలత

పోయిన పాఠంలో డయలు, ముళ్ళు చూడటం నేర్చుకున్నాం. డబ్బు కట్టేముందు చేయాల్సిన పని ఇంకొకటుంది, కొలత. అమలాపురంలో ఉన్నా భీమవరంలో ఉన్నా చిన్న తయారీదారుల ఈ వాచీలను చేతికి పెట్టుకుని చూసే షాపు మనకు దగ్గర్లో దొరకదు. ఫోన్‌లో ఫోటో చూసి కొనాల్సిందే. అందుకే అంకెలు చదవడం రావాలి.

చాలామంది కేసు, అంటే మెషిన్‌ను పట్టి ఉంచే బయటి డొల్ల, దాని వ్యాసం ఒక్కటే చూస్తారు. నేనూ అంతే. మొదటి వాచీ 40 మి.మీ. అని ఉంటే ఫరవాలేదనుకుని తెప్పించాను. పాలకొల్లులో పెదనాన్నగారి అబ్బాయి పెళ్ళికి పట్టుపంచె మీద పెట్టుకుంటే లగ్గుల కొసలు, అంటే బెల్టు తగిలించే కొమ్ములు, మణికట్టు దాటి రెండు పక్కలా పైకి లేచి నిలబడ్డాయి. తాంబూలం అందుకోబోతే చొక్కా కఫ్ వాటికి పట్టేసింది. పై లగ్గు కొస నుంచి కింది లగ్గు కొసదాకా 50 మి.మీ. ఉందని ఇంటికొచ్చి కొలిస్తే తెలిసింది. కొనేముందు ఆ అంకె నేను అడగలేదు.

ఇప్పుడు మీ చెయ్యి కొలుద్దాం. పచ్చి కొబ్బరాకు నుంచి ఒక ఈనె తీయండి, చీపురుపుల్లయినా సరే. అరచెయ్యి బల్లమీద బోర్లా పెట్టి, వాచీ కూర్చునేచోట ఈనెను మణికట్టుకు అడ్డంగా ఆనించండి. మధ్యలో చర్మానికి అంటుకుని ఉంటుంది. చెయ్యి కిందికి వంగడం మొదలయ్యేచోట రెండు వైపులా ఈనెకీ చర్మానికీ మధ్య సందు కనబడుతుంది. ఆ రెండుచోట్లా గోటితో నొక్కి, విరిచి, మిగిలిన ముక్కను స్కేలు మీద పెట్టండి. నాది 47 మి.మీ. లగ్గు నుంచి లగ్గుకు కొలత దానికన్నా రెండుమూడు మి.మీ. తక్కువుంటే వాచీ చేతిమీద బాగా అమరుతుంది. టేపుతో చుట్టుకొలత తీస్తే చాలదా అంటే, చాలదండీ. ఒకే చుట్టుకొలత ఉన్న ఇద్దరిలో ఒకరి చెయ్యి బల్లపరుపుగా, ఇంకొకరిది గుండ్రంగా ఉండొచ్చు.

ఫ్రాన్స్‌లోని బాల్టిక్ అనే చిన్న తయారీదారుల ఎం.ఆర్.01 మోడల్ చూడండి. వ్యాసం 36, లగ్గు నుంచి లగ్గుకు 44, మందం 9.9. నా ఈనెకు సరిగ్గా సరిపోతుంది. 36 మరీ చిన్నదనిపిస్తే తాతగారి పెట్టెలోని హెచ్.ఎం.టి. జనతా తీసి కొలవండి, అదీ 35 దగ్గరే ఉంటుంది. ఆ రోజుల్లో మగవాళ్ళ వాచీ అంటే అంతే.

ఇక మందం. ఇది చాలావరకు లోపలి మెషిన్‌ను బట్టి ఉంటుంది. చిన్న తయారీదారుల్లో ఎక్కువమంది మెషిన్ బయట కొంటారు. దాన్ని నేను లోపంగా చూడను, వాళ్ళ పనితనం డయల్లోనూ కేసులోనూ కనబడాలి. సీకో ఎన్.హెచ్.35 మెషిన్ ఒక్కటే 5.32 మి.మీ., మియోటా 9015 అయితే 3.9, చేత్తో కీ ఇచ్చే పెసో 7001 కేవలం 2.5. దానిపైన డయలు, ముళ్ళు, అద్దం, కింద మూత చేరతాయి. కాబట్టి ఎన్.హెచ్.35 పెట్టి పల్చటి వాచీ అంటే నమ్మే ముందు ఒక ప్రశ్న వేయండి: మందం ఉబ్బు అద్దంతో కలిపి చెప్పారా, అద్దం వదిలేసి చెప్పారా? చొక్కా చేతి కిందికి జారాల్సిన వాచీ 10 దాటితే నేను వెనకాడతాను.

బెల్టు వెడల్పు 18 గానీ 20 గానీ ఉన్నది ఎంచుకోండి. 19 అయితే మన ఊళ్ళలో బెల్టు దొరకడం కష్టం. మన ఉక్కకి తోలు బెల్టు చెమట పీల్చి త్వరగా పాడవుతుంది, మార్చక తప్పదు. రెండు బెల్టులు పెట్టుకుని, తీసినది ఫ్యాను కింద ఆరనివ్వండి. వాచీ వెనక నీటికి తట్టుకుంటుందని 30 మీటర్లు అని రాసి ఉన్నది ల్యాబులో పెట్టిన ఒత్తిడి లెక్క. చేతులు కడుక్కున్నప్పుడు పడే చుక్కల వరకే దాన్ని నమ్మండి. గోదావరి రేవులో మునిగేముందు వాచీ ఒడ్డునే తీసి పెట్టాలి.

వచ్చే పాఠంలోపు ఇంట్లో ఉన్న ఒక వాచీకి నాలుగు కొలతలూ తీయండి: వ్యాసం, లగ్గు నుంచి లగ్గుకు, మందం, బెల్టు వెడల్పు. వాటి పక్కనే మీ ఈనె కొలత రాసుకోండి. వచ్చేసారి ఆ కాగితం ముందు పెట్టుకుని, తయారీదారుకు ఉత్తరం ఎలా రాయాలో చూద్దాం.