తుపాను నెలలు రాకముందే: కిడ్నీ జబ్బున్న ఇంట్లో ఎవరి నీళ్ల కొలత వాళ్లది

సెప్టెంబరు ఆఖరికల్లా మా ఇంట్లో ఒక సంచి సర్ది పెడతాం. డిసెంబరు దాటేదాకా అది వీధి తలుపు పక్కనే ఉంటుంది. మాది శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బు ఎక్కువున్న ఉద్దానం, కవిటి వైపు ఊరు. తాతకి కిడ్నీలు పాడయ్యాక వైద్యం కోసం విశాఖపట్నం వచ్చి కంచరపాలెంలో అద్దెకి దిగాం, ఇక్కడే ఉండిపోయాం. తాత పోయాడు. ఇప్పుడు నాన్న వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్తున్నాడు. తమ్ముడి క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష) 1.9 దగ్గరుంది, అంటే వాడి కిడ్నీలూ కొంత దెబ్బతిన్నాయి. నాన్నమ్మ కిడ్నీలు బాగానే ఉన్నాయి గానీ షుగరు, రెండు పూటలా ఇన్సులిన్. తమ్ముడి కొడుక్కి పన్నెండేళ్లు.

ఇలాంటి ఇళ్లు ఈ ఊళ్లో చాలా ఉన్నాయి, వాళ్ల కోసమే రాస్తున్నాను. తుపాను జాగ్రత్తలు ఎవరు చెప్పినా ఇంటిల్లిపాదికీ ఒకటే చెప్తారు. మా ఇంట్లో అది కుదరదు. నాన్న గుక్కెడు నీళ్లు కూడా కొలిచి తాగాలి. తమ్ముడి ఒంట్లో నీళ్లు తగ్గనే కూడదు. ఒకరికి మందైంది పక్కవాడికి ప్రాణం మీదికి తెస్తుందని మాకు హుద్‌హుద్ తుపాను నాడు తెలిసింది.

2014 అక్టోబరు 12, ఆదివారం. తాతకి సోమ, గురువారాల్లో డయాలసిస్. సోమవారం వెళ్తే సెంటర్‌లో కరెంటు లేదు, నీళ్లు లేవు. ఫోన్లు పనిచెయ్యవు, రోడ్ల నిండా చెట్లు. మంగళవారం మధ్యాహ్నానికి ఇంట్లో తాగే నీళ్లు అడుగంటాయి. వీధిలో కొబ్బరిచెట్టు కూలి బొండాలు దొర్లుతుంటే, దాహమంటున్న తాతకి నేనే రెండు కొట్టించి తాగించాను. ఊళ్లో కొబ్బరితోటల మధ్య పుట్టినవాడు కదా, ఎంత సంతోషంగా తాగాడో! తెల్లవారుజామున పిలిచాడు. "కాళ్లు లేవట్లేదమ్మా, గుండె దడదడలాడతంది." పక్కింటి ఆటోలో, చెట్లు తప్పించుకుంటూ, జనరేటరు నడుస్తున్న ఇంకో ఆస్పత్రికి చేర్చాం. ఆరోజు బతికాడు. రక్తంలో పొటాషియం బాగా పెరిగిపోయిందని డాక్టరు చెప్పారు. ఒక గ్లాసు కొబ్బరినీళ్లలో ఒక అరటిపండులో ఉన్నంత, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పొటాషియం ఉంటుంది. మంచి కిడ్నీ దాన్ని బయటికి పంపేస్తుంది. డయాలసిస్ తప్పిన మనిషి ఒంట్లో అది పేరుకుపోయి గుండెని ఆపేయగలదు.

అందుకని మొదటి జాగ్రత్త డయాలసిస్ తేదీ గురించే. నాలుగు గంటల డయాలసిస్‌కి శుద్ధి చేసిన నీళ్లే సుమారు 120 లీటర్లు కావాలి, ఆ శుద్ధిలో పోయేవి వేరే. ఊరికి కరెంటు పోతే నీళ్ల పంపింగ్ ఆగుతుంది, ట్యాంకు ఖాళీ అయితే జనరేటరు ఉన్నా మిషను నడవదు. కాబట్టి అక్టోబరు రాకముందే సెంటర్ వాళ్లని రెండు ప్రశ్నలు అడగండి: జనరేటరుకి డీజిల్ ఎన్నాళ్లకి సరిపడా ఉంటుంది, నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయి? ఇంకో సెంటర్ ఎక్కడుందో ముందే చూసి, అక్కడ చూపించడానికి కావలసిన కాగితాలు రాయించుకోండి. డ్రై వెయిట్ (ఒంట్లో అదనపు నీళ్లు తీసేశాక ఉండాల్సిన బరువు), మిషను సెట్టింగులు, హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ రిపోర్టులు, వాడే మందులు. ఆ రిపోర్టులు లేకపోతే కొత్త సెంటర్‌లో ఏ మిషను మీద పెట్టాలో వాళ్లకి తెలీదు, పరీక్షలయ్యేదాకా బయట కూర్చోవాల్సిందే. వాటి నకళ్లు, ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) కార్డు, ఆధార్ నకలు కలిపి ప్లాస్టిక్ కవర్లో సంచిలో పెట్టండి. ఫోన్లో ఫొటో చాలదు, ఛార్జింగ్ పోతే అదీ పోతుంది.

వాతావరణ శాఖ 48 గంటల ముందు తుపాను అలర్ట్, 24 గంటల ముందు హెచ్చరిక ఇస్తుంది. మేము హెచ్చరిక దాకా ఆగం. అలర్ట్ రాగానే సెంటర్‌కి వెళ్లి, రేపటి డయాలసిస్ ఇవాళే చెయ్యమని అడుగుతాం. మొహమాటపడకండి, అందరూ ఒక్కసారే అడిగే రోజది. గాలి మొదలైతే మాత్రం బయల్దేరొద్దు.

డయాలసిస్ తప్పితే మూడు రోజులు నెట్టుకొచ్చే తిండి ఎలా ఉండాలో డాక్టరు దగ్గర కాగితం మీద రాయించుకోండి. నాన్నకి రాసిచ్చింది అన్నీ కలిపి రోజుకి అరలీటరు ద్రవం. ఆ అరలీటరు సీసా పొద్దున్నే నింపి మంచం పక్కన పెడతాం. టీ తాగినా, మాత్ర వేసుకున్నా అంత నీళ్లు సీసాలోంచి తీసేస్తాం. తిండంటే తెల్లన్నం, టమాటా వెయ్యని ఉప్మా, ఉప్పు లేని అటుకులు. ఆవకాయ, అప్పడం, ఎండుచేప, చింతపండు చారు, అరటిపండు, బంగాళాదుంప బంద్. తుపాను తర్వాత మంచి మనసుతో తెచ్చిచ్చే పులిహోర పొట్లాల్లో చింతపండూ ఉప్పూ రెండూ ఎక్కువే. వాటిని దండం పెట్టి తీసుకోండి, డయాలసిస్ మనిషికి మాత్రం పెట్టకండి. ఓఆర్ఎస్ ప్యాకెట్లో కూడా పొటాషియం ఉంటుంది. బీపీకి మంచిదని అమ్మే తక్కువ సోడియం ఉప్పు అసలు ఇంట్లోకే రానివ్వకండి, అందులో సోడియం తగ్గించి వేసేది పొటాషియమే. పొటాషియం తగ్గించే పొడి ఇంట్లో ఉంచుకోవాలా, ఎంత వాడాలి అన్నది డాక్టరునే అడగండి.

పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చోవడం, కాళ్లూ చేతులూ బరువెక్కి లేవకపోవడం, గుండె తడబడటం, వీటిలో ఏది కనపడినా తెల్లారనిద్దాం అనుకోవద్దు. 108కి ఫోన్. ఫోన్ కలవకపోతే ఏ ఇంటి బండిలో వెళ్లాలో ముందే మాట్లాడి పెట్టుకోండి. మేము ఏటా సెప్టెంబరులో ఆటో అన్నయ్యకి గుర్తుచేస్తాం.

ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్‌తో కలిపిన రక్తనాళం) ఉన్న చేత్తో బకెట్లు మోయించకండి, సహాయ శిబిరంలో ఆ చేతికి బీపీ పట్టీ వేయనివ్వకండి. పొద్దున్నా రాత్రీ వేలు పెట్టి చూడండి, జివ్వుమని తెలుస్తోందా లేదా అని. తెలియకపోతే వెంటనే ఆస్పత్రికి. రక్తం కారితే వేళ్లతో గట్టిగా నొక్కి, చెయ్యి పైకెత్తి, పట్టు వదలకుండా తీసుకెళ్లాలి. మెడ దగ్గర డయాలసిస్ పైపు ఉన్నవాళ్లకి ఆ కట్టు తడవకూడదు.

తమ్ముడి సంగతి వేరే. వాడికి గండం తుపాను రోజున లేదు, ఆ మర్నాడు ఉంది. గాలివాన పోయాక ఎండ కాస్తుంది, ఉక్కపోస్తుంది. వాడు కత్తి పట్టుకుని కొమ్మలు నరకడానికి బయల్దేరతాడు, నీళ్లు పొదుపు చేస్తున్నానంటూ తాగడు. సాయంత్రానికి ఒళ్లునొప్పులకి డైక్లోఫెనాక్ మాత్ర. చెమట పట్టి ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు ఆ మాత్ర వేసుకుంటే మిగిలిన కిడ్నీ శక్తి కూడా దెబ్బతినొచ్చు. ఇబుప్రొఫెన్ అయినా అంతే. మా సంచిలో నొప్పికి పారాసిటమాల్ ఒక్కటే ఉంటుంది. వాడి పేరు రాసి వేరేగా కాచిన నీళ్లు పెడతాం, అవి తాగాకే గడప దాటాలి. వాంతులో విరేచనాలో పట్టుకుంటే బీపీ మాత్ర ఆపాలా వద్దా అని డాక్టరుని ముందే అడిగి రాసుకున్నాం. వరద నీళ్లలో ఉత్త కాళ్లతో తిరగనివ్వం. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లతో వచ్చే జ్వరం కిడ్నీల మీద పడొచ్చు. ఆ నీళ్లలో దిగిన కొద్దిరోజులకి జ్వరం, పిక్కల నొప్పి వస్తే ఆ మాట డాక్టరుకి తప్పక చెప్పాలి.

నాన్నమ్మ ఇన్సులిన్‌కి కరెంటు లేని ఫ్రిజ్ పనికిరాదు. పెద్ద కుండలో తడి ఇసుక, దాని మధ్య చిన్న కుండ, అందులో తడి లేని డబ్బాలో మందు. ఐసుకి తగలనివ్వకండి, గడ్డకడితే పారేయాలి. నాన్నకి రక్తం పెరగడానికి ఇచ్చే ఇంజెక్షను కూడా చల్లగా ఉండాల్సిందే కాబట్టి ఈ నెలల్లో ఒకేసారి ఎక్కువ కొని పెట్టుకోం. తుపాను వేళ తాగే నీళ్లు కాచడానికి గ్యాసు మిగలాలని రెండో సిలిండరు ముట్టుకోం.

పిల్లాడు పోయినేడు సంచి సర్దుతూ అడిగాడు, "అత్తా, నాకూ వస్తుందా?" అని. వాళ్ల నాన్న లేచి బయటికి వెళ్లిపోయాడు. రాదని నేను చెప్పలేదు, వస్తుందనీ చెప్పలేదు. ఉద్దానం జబ్బు ఎందుకొస్తుందో ఇంకా తేలలేదని, మన ఇంట్లో అందరికీ ఏడాదికోసారి క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్ పరీక్ష చేయిస్తున్నది అందుకేనని చెప్పాను. ఆ పరీక్షలు కూడా సెప్టెంబరులోనే చేయిస్తాం, తుపానొచ్చే ముందు ఎవరి కొలత ఎంతో తెలియాలి కదా. ఇప్పుడు వాడి తాతయ్య, అంటే మా నాన్న సీసా నింపే పని వాడిదే. అరలీటరు గీత దగ్గర కళ్లు ఆనించి చూసి మరీ మూత బిగిస్తాడు.