వెల్డింగ్ నేర్చుకుందాం – 7వ పాఠం: యుద్ధ ట్యాంకు అతుకులో పగులు ఎక్కడుంది?

బీడు (వెల్డింగ్‌లో కరిగి గడ్డకట్టిన లోహపు గీత) పక్కన వేడి తగిలి గుణం మారిపోయే సన్నటి పట్టీ గురించి పోయిన పాఠంలో చెప్పుకున్నాం. ఈసారి పనంతా ఆ పట్టీతోనే.

రెండో ప్రపంచ యుద్ధం నాటి ట్యాంకుల ఫొటో కనబడితే చాలు, కొన్ని మాటలు తప్పకుండా వినిపిస్తాయి. "సోవియట్ ట్యాంకు టీ-34 అతుకులు చూడండి, ఎంత వికారంగా ఉన్నాయో, నాసిరకం బండి." "స్టీల్ ఎంత గట్టిదైతే కవచం అంత మంచిది." "అతుకు ప్లేటు కంటే మెత్తగా ఉందంటే వెల్డర్ మోసం చేసినట్టే." ఈ మూడూ నమ్మే ముందు ఒక చిన్న లెక్క వేయండి.

ఈ లెక్కను కార్బన్ ఈక్వివలెంట్ అంటారు. కార్బన్ శాతం తీసుకోండి. దానికి మాంగనీస్‌లో ఆరో వంతు, క్రోమియం, మాలిబ్డినం, వనేడియం మొత్తంలో ఐదో వంతు, నికెల్, రాగి మొత్తంలో పదిహేనో వంతు కలపండి. మనం గేట్లకు వాడే మైల్డ్ స్టీల్‌లో కార్బన్ 0.18, మాంగనీస్ 0.6 అనుకుంటే 0.28 వస్తుంది. టీ-34 ప్లేటు 8ఎస్ అనే రకం. అందులో సుమారుగా కార్బన్ 0.25, మాంగనీస్ 1.2, క్రోమియం 0.8, మాలిబ్డినం 0.2, నికెల్ 1.2. లెక్క 0.73 దాకా వెళ్తుంది. 0.45 దాటితేనే ప్రీహీట్ (ప్లేటును ముందుగా వేడి చేయడం) లేకుండా చెయ్యి పెట్టకూడదంటారు. ఈ సూత్రం ఈ రూపంలో యుద్ధం తర్వాత వచ్చిందే అయినా, ఆ ఇబ్బంది అప్పటి ఫ్యాక్టరీల్లో రోజూ ఉన్నదే.

ఆ ఇబ్బంది ఏమిటంటే, ఇలాంటి ప్లేటు మీద ఆర్క్ దాటిపోగానే పక్క పట్టీ గబుక్కున చల్లారి గట్టిగా, పెళుసుగా మారుతుంది. రాడ్డు పూతలో చెమ్మ ఉంటే హైడ్రోజన్ లోపలికి పోతుంది. చల్లారే లోహం కుదించుకుపోతూ జాయింటును లాగుతుంటుంది. ఈ మూడూ కలిస్తే పగులు. అది కూడా వెంటనే రాదు. స్లాగ్ (బీడు మీది పెచ్చు) కొట్టి, చూసి, పాస్ చేశాక, ఒక్కోసారి మర్నాడు వస్తుంది. బీడు అంచున, వెంట్రుక మందాన, గీత గీసినట్టు. తక్కువ హైడ్రోజన్ రకం 7018 రాడ్లను ఓవెన్‌లో ఎండబెట్టి వాడమని మీ సూపర్‌వైజర్ విసిగించేది దీని గురించే.

దీన్ని ఒక్కో దేశం ఒక్కోలా దాటింది. అమెరికన్లు కవచాన్ని అతకడానికి చాలాకాలం స్టెయిన్‌లెస్ జాతి రాడ్లు వాడారు. ఆ అతుకు ప్లేటు కంటే మెత్తన. కావాలనే అలా. మెత్తటి లోహం సాగి లాగుడును తట్టుకుంటుంది, హైడ్రోజన్‌ను తనలోనే పట్టి ఉంచుకుంటుంది. నికెల్, క్రోమియం పొదుపు చేయాల్సి వచ్చాక తక్కువ హైడ్రోజన్ పూత రాడ్ల మీద పని జరిగింది. జర్మన్లు టైగర్, పాంథర్ ట్యాంకుల ప్లేట్లను ఒకదానిలో ఒకటి కూర్చునేలా గాళ్లు కోసి అతికారు. గుండు తగిలితే ఆ దెబ్బలో కొంత ప్లేటు అంచులే మోస్తాయి, భారమంతా అతుకు మీద పడదు.

సోవియట్ కథ వేరు. 1941లో ప్రొఫెసర్ యెవ్‌గెనీ పాటన్ నడిపే కీవ్ వెల్డింగ్ సంస్థ ఉరల్ పర్వతాల దగ్గరి నీజ్నీ తగీల్‌కు తరలిపోయింది. అక్కడ టీ-34 హల్‌ల (ట్యాంకు మొండేల) మీద ఫ్లక్స్ పొడి కింద ఆర్క్ మండే ఆటోమేటిక్ వెల్డింగ్ మొదలైంది. యంత్రం వేసిన పొడవాటి అతుకు నున్నగా ఉంటుంది. యంత్రం అందని మూలల్లో మనిషి చేత్తో వేసింది గరుకుగా ఉంటుంది. రెండూ ఒకే హల్ మీద కనబడతాయి. పైగా చాలామంది వెక్కిరించే ఆ గరుకుతనం వెల్డింగే కాదు, పోతపోసిన టరెట్ (ఫిరంగి ఉండే పై గది) ఉపరితలం!

అయితే వికారం మాట పూర్తిగా కొట్టిపారేయలేం. 1942లో అమెరికాలోని అబర్డీన్ పరీక్షా కేంద్రానికి పంపిన టీ-34ను పరీక్షించినవాళ్లు అతుకుల్లో లోతు చాలకపోవడం, పగుళ్లు రెండూ చూశారు. ప్లేట్ల గట్టిదనం మాత్రం 430 నుంచి 500 బ్రినెల్ (గట్టిదనపు కొలత) దాకా ఉందని తేల్చారు. 37 ఎం.ఎం. గుళ్లకు అంత గట్టిదనం మేలే. 45 ఎం.ఎం. మందం ప్లేటును 75, 88 ఎం.ఎం. గుండు కొట్టినప్పుడు మాత్రం గట్టి ప్లేటు పగలడమో, లోపలి వైపు పెచ్చులూడి సిబ్బందికి తగలడమో జరుగుతుంది. యుద్ధం చివర్లో మాలిబ్డినం దొరక్క జర్మన్ ప్లేట్లూ కొన్ని ఇలాగే పెళుసుబారాయి. అది వెల్డర్ల మీద వేయాల్సిన నింద కాదు.

ఇక సాధన. పగిలిన కవచం ఫొటో ఒకటి తీసుకుని గీత ఎక్కడుందో చూడండి. బీడు నడిమధ్యన పొడవునా ఉంటే లోహం గడ్డకట్టేటప్పుడే చీలిందని ముందు అనుమానించండి. బీడు అంచు వెంట నడిస్తే మనం చెప్పుకున్న హైడ్రోజన్ పగులు. ప్లేటుకు అడ్డంగా పరుగెత్తితే ప్లేటే పెళుసు. ప్లేటు శుభ్రంగా ఊడివచ్చి, బీడంతా రెండో ప్లేటుకే అంటుకుని ఉంటే అతుకు లోతుకు దిగలేదు.

లెక్క కూడా ఒకటి చేయండి: కార్బన్ 0.30, మాంగనీస్ 0.6, క్రోమియం 1.5, మాలిబ్డినం 0.5. జవాబు 0.80 రావాలి. ఈ ప్లేటును ఎన్ని డిగ్రీలకు వేడి చేసి మొదలుపెట్టాలో 8వ పాఠంలో.