పికప్‌కి కొత్త స్పీకర్లు వేశాక సౌండ్ తగ్గిందా?

మదనపల్లె నుంచి టమోటా లోడుతో భాకరాపేట ఘాట్ దిగే బొలెరో పికప్ అయినా, శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వి-క్రాస్ అయినా ఫిర్యాదు ఒకటే: "అన్నా, 400 వాట్లవి వేయించినా. కంపెనీవే మేలనిపిస్తా ఉండాది." డోర్ ప్యాడ్ విప్పడం, కప్లర్ తీయడం మీకు వచ్చనుకునే చెబుతున్నా.

బేస్ లేదు, పాట డొల్లగా ఉంది

డ్యాష్‌లోని మ్యూజిక్ సెట్‌లో ఎడమ-కుడి బ్యాలెన్స్‌ని పూర్తిగా ఒక పక్కకి తిప్పండి. ఒక్క డోరే మోగుతున్నప్పుడు బేస్ పెరిగిందంటే, ఏదో ఒక స్పీకర్‌కి ప్లస్, మైనస్ తారుమారైనట్టే. ఒక కోను ముందుకొస్తుంటే రెండోది వెనక్కి పోతూ బేస్‌ని చంపేస్తున్నాయి. అర నిమిషం పట్టని ఈ పని వదిలేసి నేరుగా ఆంప్లిఫయర్ కొనడానికి పోతారు, అదే నాకు విసుగు.

వైర్ల రంగులు నమ్మొద్దు. స్పీకర్‌ని సెట్ లైన్ నుంచి విడదీసి, 1.5 వోల్టుల పెన్సిల్ సెల్లు క్షణం తాకించండి. కోను బయటికి కదిలితే, సెల్లు ప్లస్ తగిలిందే స్పీకర్ ప్లస్. రెండు డోర్లకీ ఒకేలా కలపండి.

బ్యాలెన్స్ తిప్పినా తేడా లేకపోతే స్పీకర్ రింగుకీ డోర్ రేకుకీ మధ్య సందు వెతకండి. ఫోమ్ టేపు చుట్టేస్తే సరిపోతుంది.

వాల్యూమ్ ఎంత పెంచినా మోత రాదు

వైరింగ్ సరిగ్గానే ఉంటుంది, స్పీకరూ మంచిదే. అందుకే ఇది దొరకదు. షాపులో డెమో బోర్డు మీద అదరగొట్టిన స్పీకర్ బండిలో ఎందుకు మూలుగుతుంది? ఆ బోర్డు వెనక చాలాసార్లు ఆంప్లిఫయర్ ఉంటుంది. మీ డ్యాష్‌లోని సెట్ మాత్రం, దాని మీద 50×4 అని రాసున్నా, ఒక్కో స్పీకర్‌కి నికరంగా ఇచ్చేది 15, 20 వాట్లే. డబ్బా మీది 400 స్పీకర్ ఇచ్చే బలం కాదు, క్షణకాలం తట్టుకోగలదని కంపెనీ చెప్పుకునే లెక్క.

చూడాల్సింది సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన పవర్‌కి స్పీకర్ ఎంత మోత చేస్తుందో చెప్పే అంకె, డెసిబెల్స్‌లో ఉంటుంది. 3 డెసిబెల్స్ తగ్గితే అంతే మోతకి రెట్టింపు వాట్లు కావాలి. 92 ఉన్న స్పీకర్‌కి 15 వాట్లు చాలిన చోట, 87 ఉన్నదానికి 47 దాకా కావాలి. అంత మీ సెట్ దగ్గర లేదు. పెద్ద అయస్కాంతం, బరువైన కోను చూసి మురిసిపోయేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

ఇందులోనే ఇంకో మెలిక. కొన్ని కంపెనీలు సెన్సిటివిటీని 1 వాట్ దగ్గర కొలుస్తాయి, కొన్ని 2.83 వోల్టుల దగ్గర. 4 ఓమ్‌ల (ఓమ్ అంటే కరెంటుకి స్పీకర్ ఇచ్చే అడ్డు కొలత) స్పీకర్‌కి 2.83 వోల్టులంటే 2 వాట్లు. అంటే రెండో రకం అంకె 3 డెసిబెల్స్ ఉబ్బి కనిపిస్తుంది. 2.83 అని రాసుంటే 3 తీసేసి పోల్చండి. అలా చూస్తే ఖరీదైన 91 కాస్తా 88 అయిపోతుంది, పక్కనున్న, 1 వాట్ దగ్గర కొలిచిన చవక 90 గెలుస్తుంది.

కాబట్టి ఆంప్లిఫయర్ పెట్టే ఉద్దేశం లేకపోతే 90కి తగ్గకుండా, 4 ఓమ్‌లవి తీసుకోండి. పాత స్పీకర్ వెనక 2 ఓమ్‌లు అని ఉంటే, బండిలో కంపెనీ ఆంప్లిఫయర్ ఉందేమో చూడండి. దానికి 4 ఓమ్‌లవి తగిలిస్తే పవర్ దాదాపు సగమే అందుతుంది.

కాసేపు మోగి ఆగిపోతోంది

4 ఓమ్‌ల సెట్‌కి 2 ఓమ్‌ల స్పీకర్లు వేసి ఉంటారు, లేదా వైరు డోర్ రేకుకి తగులుతూ ఉంటుంది. మల్టీమీటర్ పెడితే 4 ఓమ్‌ల స్పీకర్ 3 నుంచి 4 మధ్య చూపుతుంది.

అద్దం దించితే టక్‌మంటోంది

అయస్కాంతానికి అద్దం తగులుతోంది. కొనకముందే అద్దం పూర్తిగా దించి లోతు కొలవాల్సింది. ఇప్పుడైతే రింగుతో స్పీకర్‌ని ముందుకు జరపాలి, ప్యాడ్‌కి తగలకుండా.

ఇంజన్ రేజ్‌తో పాటు పెరిగే కీచుమోత స్పీకర్‌ది కాదు, ఎర్తింగ్ చూడండి. కొత్త స్పీకర్‌లో కాయిల్ పోయి రావడం అరుదు. అదే అనుమానమైతే రెండు డోర్ల స్పీకర్లూ అటూ ఇటూ మార్చి చూసి, అప్పుడు షాపుకి పోండి.