జీపు డోర్లు విప్పి మళ్ళీ బిగించాక వచ్చే ఇబ్బందులు: కోనసీమ బండ్లకు సమస్య - పరిష్కారం

మా అమలాపురం చుట్టుపక్కల ఇప్పుడు ఏ ఊరికి వెళ్ళినా ఒక థారో, పాత మహీంద్రా జీపో కనిపిస్తుంది. ఆదివారం వస్తే ఓడలరేవు ఇసుకలోనో, అంతర్వేదిలో వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోటో ఇలాంటి బండ్లు డోర్లు లేకుండా తిరుగుతుంటాయి. చాలామందికి అది సరదా. నాకు మాత్రం డోర్లు విప్పే పని వరదతో వచ్చింది. 2022 జూలైలో గోదావరి పొంగినప్పుడు మా జీపు రెండు రోజులు నీళ్ళలో ఉండిపోయింది. డోర్ల లోపల చేరిన ఒండ్రు కడగాలంటే విప్పక తప్పలేదు. విప్పడం ఒక పూటలో అయిపోయింది. మళ్ళీ పెట్టాక మొదలైన ఇబ్బందులు తీరడానికి నాలుగు ఆదివారాలు పట్టింది. అప్పుడు తెలిసినవీ, ఆ తర్వాత మా బావ థార్‌కీ స్నేహితుల బండ్లకీ చేస్తూ తెలిసినవీ ఇక్కడ రాస్తున్నాను.

పానా పట్టుకునే ముందు మీ బండి హింజ్ (డోరును బాడీకి కలిపే మడతబందు) ఏ రకమో చూడండి. పిన్ను రకమైతే హింజ్‌లో సగం బాడీకి, సగం డోరుకి ఉంటుంది, మధ్యలో నిలువుగా పిన్ను. కింద ఉన్న నట్టో స్క్రూనో తీసి డోరును పైకి ఎత్తితే వచ్చేస్తుంది. జీప్ రాంగ్లర్ ఇలాంటిది. డోర్లు తీసి నడపాలనే తయారుచేసిన బండి కాబట్టి పవర్ విండో స్విచ్‌లు కూడా డోరు మీద కాక డాష్‌బోర్డు మధ్యలో పెట్టారు. బోల్టు రకమైతే హింజ్‌ని పట్టి ఉంచిన బోల్టులు విప్పితే గాని డోరు రాదు.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, పిన్ను రకంలో డోరు తిరిగి తన పాత చోటికే వస్తుంది. బోల్టు రకంలో రాదు. అక్కడ బోల్టు రంధ్రాలు బోల్టు కన్నా కాస్త పెద్దవిగా ఉంటాయి, ఫ్యాక్టరీలో డోరును అటూ ఇటూ జరిపి సర్దడానికి. ఆ కాస్త ఖాళీ వల్లే మనం బిగించిన డోరు వాలుతుంది. అందుకే విప్పే ముందు హింజ్ చుట్టూ సన్నటి మార్కర్‌తో గీత గీయండి. ప్రతి హింజ్‌కీ, ప్రతి పక్కా గీయండి. నేను గీయలేదు, అందుకే నాలుగు ఆదివారాలు.

బోల్టు కదలడం లేదు, లేదా బోల్టు తల అరిగిపోయింది

కారణం చాలావరకు ఉప్పుగాలి. సముద్రానికి దగ్గరగా తిరిగే బండికి హింజ్ బోల్టులే ముందు తుప్పు పడతాయి, ఎందుకంటే అవి బయటికి ఉంటాయి, వాటిని ఎవరూ తుడవరు. దానికి తోడు కొన్ని బండ్లలో బోల్టు వదులు కాకుండా దాని మర చుట్ల మీద జిగురు లాంటి థ్రెడ్‌లాకర్ రాసి ఉంటుంది. తల అరిగిపోవడానికి కారణం వేరు. నక్షత్రం ఆకారపు టార్క్స్ తలలో ఇసుక నిండి ఉంటే బిట్ అడుగు దాకా దిగదు, పైపైన పట్టి జారుతుంది. సైజు తక్కువ బిట్ పెట్టినా అంతే. రాంగ్లర్‌లో జేఎల్ మోడల్‌కి టీ50 సైజు బిట్ కావాలి, మిగతా బండ్లకు మాన్యువల్ చూడండి.

పని ముందు రోజు సాయంత్రమే మొదలుపెట్టండి. బోల్టు తలలోని ఇసుకను గుండుసూదితో తీసి, తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున బిట్ పూర్తిగా దింపి, సుత్తితో రెండు మెత్తటి దెబ్బలు కొట్టి, ఒక్కసారిగా కాకుండా మెల్లగా బరువు వేస్తూ తిప్పండి. కాస్త కదిలాక మళ్ళీ బిగించే వైపు కొంచెం, విప్పే వైపు కొంచెం. తల అరిగిపోతే ఇంట్లో ఇంకేమీ చేయకండి. అరిగిన తల మీద నట్టు వెల్డింగ్ పెట్టి తీసే మనిషి దగ్గరికి తీసుకెళ్ళండి, వెల్డింగ్ ముందు బ్యాటరీ వైర్లు తీయించండి.

బోల్టులన్నీ వచ్చాయి, డోరు మాత్రం రావడం లేదు

బలం చూపించకండి. ఇంకా ఏదో పట్టుకుని ఉంది. డోరు అవసరానికి మించి తెరుచుకోకుండా ఆపే చెక్ స్ట్రాప్ ఒకటి, వైరింగ్ ఒకటి. ఈ రెండూ విప్పారో లేదో చూడండి. వైరింగ్ కనెక్టర్‌ని లాగితే ఊడదు, దానికి చిన్న లాక్ ఉంటుంది, ముందు అది జరపాలి. బ్యాటరీ నెగటివ్ వైరు తీశాకే దాని మీద చెయ్యి వేయండి.

ఇవి రెండూ విప్పినా పిన్ను రకం డోరు రాకపోతే, పిన్ను బుష్‌లో (పిన్ను తిరిగే చిన్న గొట్టం) తుప్పుతో అంటుకుపోయింది. స్ప్రే కొట్టి, డోరును తెరిచి మూసి పది పదిహేను సార్లు ఆడించి, అప్పుడు తిన్నగా పైకి ఎత్తండి. పక్కకి వంచి ఎత్తితే పిన్ను ఇరుక్కుంటుంది. అద్దం దించి ఉంచితే పట్టుకోవడానికి వీలు. ఇద్దరు మనుషులు తప్పనిసరి. ఒక్కరే ఎత్తబోతే డోరు ముందు అంచు ఫెండర్‌కి (ముందు చక్రం మీది రేకు) తగిలి పెయింటు పోతుంది, ఆ గీత దగ్గరే మా గాలికి నెల తిరక్కుండా తుప్పు లేస్తుంది.

డోరు పెట్టాను, గట్టిగా కొడితే గాని పడటం లేదు

అందరూ నన్ను అడిగేది ఇదే. ప్రమాదం కూడా ఇందులోనే ఉంది.

డోరు లాక్ రెండు మెట్లుగా పడుతుంది. మొదటి క్లిక్‌కి డోరు ఊడిపోకుండా ఆగుతుంది, రెండో క్లిక్‌కి పూర్తిగా పడుతుంది. మా జీపుకి డోర్లు పెట్టిన మొదటి వారం నేను ఒక్క క్లిక్ విని సరిపెట్టుకున్నాను. ఏటిగట్టు మీద గోతిలో పడగానే ఎడమ డోరు తెరుచుకుంది. అటు పక్కన మా అక్క కొడుకు కూర్చున్నాడు. బెల్టు పెట్టుకుని ఉన్నాడు కాబట్టి సీట్లోనే ఉండిపోయాడు, గట్టు కిందేమో నిండు కాలువ. ఆ రోజు నుంచి రెండో క్లిక్ వినకుండా బండి కదపను. మీరూ కదపకండి.

ముందు తేలిక కారణాలు చూడండి. డోరు స్ట్రైకర్‌కి (లాక్ వచ్చి పట్టుకునే, బాడీ మీది కొక్కెం) తగిలి తిరిగి వచ్చేస్తోందంటే, డోరు విప్పి ఉన్నప్పుడు ఎవరో లాక్ నోరు నొక్కి మూసేసి ఉంటారు. పిల్లలు తప్పకుండా నొక్కుతారు. హ్యాండిల్ లాగి పట్టుకుని ఆ నోరు మళ్ళీ తెరిస్తే సరిపోతుంది. అన్ని అద్దాలూ ఎక్కించి ఉంటే లోపలి గాలి కూడా డోరును ఆపుతుంది, ఒక అద్దం దించి వేసి చూడండి. డోరు చుట్టూ ఉండే బీడింగ్ రబ్బరు కొత్తది వేయించి ఉంటే కొన్నాళ్ళు బిగుతుగానే ఉంటుంది.

ఇవేవీ కాకపోతే డోరు వాలిందని అర్థం. తేల్చుకోవడానికి డోరును చాలా మెల్లగా మూస్తూ, లాక్ నోరు స్ట్రైకర్‌ని అందుకునే చోట కన్ను పెట్టండి. ఆ క్షణంలో డోరు వెనక అంచు పైకి లేస్తోందంటే స్ట్రైకర్ డోరును మోస్తోంది. డోరును మోయాల్సింది హింజ్. స్ట్రైకర్ పని పట్టుకోవడం ఒక్కటే.

నేను చేసిన తప్పు ఏమిటంటే, రెండు ఆదివారాల పాటు స్ట్రైకర్‌నే కిందికీ మీదికీ జరుపుతూ కూర్చున్నాను. పడినట్టే పడేది, మూడు రోజులకి మళ్ళీ మొదటికొచ్చేది. మా ఇంటి ద్వారబంధాలు చేసిన వడ్రంగి పెద్దాయన అటుగా వెళ్తూ కాసేపు చూసి, "ఇంటి తలుపైనా ఇంతేనండీ. తలుపు వాలితే మడతబందు చూడాలి, గడియ జరిపితే ఎలాగండీ?" అన్నారు. జీపు గురించి ఆయనకేమీ తెలియదు. అయినా మూడో ఆదివారం ఆయన చెప్పినట్టే చేశాను.

క్రమం ఇదీ. డోరును సగం తెరిచి, వెనక అంచును రెండు చేతులతో పట్టుకుని పైకీ కిందికీ ఆడించండి. లొడలొడలాడితే పిన్నో బుష్షో అరిగింది, ఎంత సర్దినా నిలవదు, ముందు అవి మార్చాలి. లేత్ మీద ఇత్తడి బుష్ చేయించుకోవచ్చు. లొడుగు లేకపోతే హింజ్ దగ్గరికి రండి. డోరు అంచు కింద గుడ్డ చుట్టిన చెక్కముక్క పెట్టి, జాకీతో బరువు ఆనేంత వరకే ఎత్తండి. పై హింజ్ బోల్టులను పూర్తిగా కాకుండా, డోరు బరువుగా కదిలేంత మాత్రమే వదులు చేయండి. రెండు హింజ్‌లూ ఒకేసారి వదులు చేయకూడదు, డోరు ఎటు పోయిందో తెలియకుండా పోతుంది. వెనక అంచును కొంచెం లేపి, బిగించి, జాకీ తీసి, మూసి చూడండి. డోరు చుట్టూ సందు ముందూ వెనకా సమానంగా కనిపించే వరకు ఇదే పని. ఒకసారికి గోరు మందం కన్నా ఎక్కువ జరపకండి. విప్పే ముందు గీత గీసి ఉంటే ఇదంతా అక్కర్లేదు, గీతలోకి హింజ్ కూర్చోబెట్టి బిగిస్తే చాలు.

సందు కుదిరాకే స్ట్రైకర్. దాని చుట్టూ కూడా గీత గీయండి. మూసిన డోరు బాడీ కన్నా బయటికి పొడుచుకుని ఉంటే స్ట్రైకర్‌ని లోపలికి, రబ్బరు మీద అదిమితే గాని పడకపోతే కాస్త బయటికి. దాని స్క్రూలు రెండూ ఎప్పుడూ పూర్తిగా తీసేయకండి. కొన్ని బండ్లలో వాటి వెనక ఉన్న ప్లేటు పిల్లర్ (స్ట్రైకర్ ఉన్న బాడీ స్తంభం) లోపల పడిపోతుంది, మళ్ళీ దాన్ని పైకి తేవడం మహా కష్టం. చివరి బిగింపు మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కి (ఎంత బలంతో బిగించాలో ఆ లెక్కకి), దాన్ని కొలిచే టార్క్ రెంచ్‌తోనే. వంద కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి చూడండి.

వాన నీళ్ళు లోపలికి వస్తున్నాయి, హైవే మీద గాలి ఈల వేస్తోంది

డోరు సందు కుదరకపోతే ఈ సమస్యా వస్తుంది, కాబట్టి పైది పూర్తయ్యాకే దీని జోలికి రండి. వార్తాపత్రికను రెండు వేళ్ళ వెడల్పు ముక్కలుగా చింపి, డోరుకీ బీడింగ్‌కీ మధ్య పెట్టి మూసి, మెల్లగా లాగండి. ఎక్కడ తేలిగ్గా వచ్చేస్తే అక్కడ రబ్బరు ఆనడం లేదు. చాలాసార్లు డోరు పెట్టేటప్పుడు రబ్బరు పెదవి లోపలికి మడిచిపోయి ఉంటుంది, వేలితో బయటికి తీస్తే అయిపోతుంది. గట్టిపడి పగిలి ఉంటే మార్చడమే. డోరు లోపలి వైపు అట్ట (ట్రిమ్) ఊడదీసి ఉంటే లోపలి ప్లాస్టిక్ షీటు చిరగకుండా తిరిగి అతికించారా అన్నది కూడా చూడండి.

బ్రేకు వేస్తే డోరు లోపల నీళ్ళు కదులుతున్న చప్పుడు

డెల్టా బండ్లకు ఇది ఇంటి జబ్బు లాంటిది. అద్దం పక్కనుంచి డోరు లోపలికి కొంత నీరు దిగడం మామూలే. అది పోవడానికి డోరు అడుగు అంచున చిన్న రంధ్రాలు ఉంటాయి. వరద నీరో కాలువ బురదో ఎండిపోతే ఒండ్రు సిమెంటులా ఆ రంధ్రాలను మూసేస్తుంది. నీరు లోపలే నిలిచి డోరు లోపలి నుంచి తినేస్తుంది. బయట పెయింటు బుడగలు లేచి మనకు తెలిసే సరికి అడుగు రేకు జల్లెడ అయిపోయి ఉంటుంది.

రంధ్రాలు తెరవడానికి ఇనుప తీగ వాడకండి, లోపలి పెయింటు గీరుకుపోతుంది. కొబ్బరి ఈనెను మించింది లేదు. వంగుతుంది, గీరదు, మన పెరట్లోనే ఉంటుంది. డోరు విప్పి ఉన్నప్పుడైతే నిలబెట్టి పై నుంచి మంచినీళ్ళు పోస్తూ ఈనెతో కెలకండి, కింద తేటనీరు వచ్చే వరకు. సముద్రం దగ్గరి ఊళ్ళలో బోరు నీరు చాలా చోట్ల ఉప్పగా ఉంటుంది, దానితో కడిగితే కడగనట్టే. పంచాయతీ కుళాయి నీళ్ళో, తేరుకున్న కాలువ నీళ్ళో వాడండి. రెండు రోజులు గాలికి ఆరాకే బండికి ఎక్కించండి.

అద్దం కదలడం లేదు, సెంట్రల్ లాక్ పడటం లేదు, డోరు తెరిచి ఉందని లైటు వెలుగుతోంది

కనెక్టర్ పూర్తిగా కూర్చోలేదు, లేదా లోపల బురద ఉంది, లేదా ఒక పిన్ను వంగింది. బ్యాటరీ నెగటివ్ తీసి, కనెక్టర్ విప్పి, టార్చి వేసి చూడండి. ఎలక్ట్రికల్ కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఆరనిచ్చి, లాక్ టిక్కుమనే వరకు నొక్కండి. డోర్లు లేకుండా బండి నిలిపి ఉంచితే లోపలి లైటు వెలుగుతూ ఉండి బ్యాటరీ దిగిపోవచ్చు, ఆ లైటు ఆపేయండి.

డోరు తెరిస్తే కిర్రుమంటోంది

ఇంట్లో ఉంది కదా అని కొబ్బరి నూనె వేయకండి. మా ఊళ్ళో చాలామంది వేస్తారు. సుమారు 24 డిగ్రీల కన్నా చల్లబడితే అది పేరుకుపోతుంది. సంక్రాంతి తెల్లవారుజామున సీసాలో చూస్తాం కదా, హింజ్‌లోనూ అదే జరుగుతుంది. పైగా దుమ్ము పట్టి జిగురవుతుంది. పాత మడ్డి తుడిచి, పిన్నుకి పలచగా గ్రీజు రాయండి. ఇసుకలో తిరిగి వచ్చిన ప్రతిసారీ కడిగి మళ్ళీ రాయండి.

డోర్లు లేకుండా రోడ్డెక్కే విషయం ఒకటి చెప్పాలి. సైడు అద్దాలు డోరుకే ఉంటే అవి కూడా పోయినట్టే, వెనక వచ్చే లారీ కనపడదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ రిజిస్ట్రేషన్ వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చవద్దంటోంది, పోలీసులు ఆపితే వాదించడానికి మన దగ్గర గట్టి మాట ఉండదు. 216 హైవే మీదికి డోర్లతోనే వెళ్ళండి. విప్పడం తోటలో, బీచ్ దగ్గర. పిల్లలు ఉంటే అక్కడా వద్దు.

విప్పిన డోర్లను పడుకోబెట్టకుండా, అడుగున చెక్క పట్టెలు వేసి నిలబెట్టి పెట్టండి. తడిసిన గోనెసంచి గానీ కొబ్బరి పీచు గానీ రేకుకి ఆనకూడదు, చెమ్మ పట్టి ఉంచుతాయి. బోల్టులు ఏ హింజ్‌వి ఆ హింజ్‌కి వేరే కవర్లో వేసి, డోరుకే కట్టేయండి. వానాకాలంలో వాటిని నేల మీద వదలకండి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారంటే, మీది లంక ఊరైతే ఆ రోజే డోర్లు బండికి ఎక్కించి, రెండో క్లిక్ విని, బండిని గట్టు మీదికి తీసుకెళ్ళండి.