గానుగ రోజుల్లో చెయ్యి నలిగితే ఎక్స్‌రే బాగుందని ఊరుకోకండి

సంక్రాంతి ముందూ వెనకా అనకాపల్లి వైపు బెల్లం గానుగలు జోరుగా ఆడుతుంటాయి. చెరకు అందించేవాళ్ల చెయ్యి రోలర్ల మధ్య ఇరుక్కునే భయం ఎప్పుడూ ఉంటుంది. పనిలో దిగే ముందే ఉంగరాలు, గాజులు, చేతి దారాలు తీసేయండి. వదులు చేతుల చొక్కా అసలే వద్దు.

చెయ్యి నలిగితే ఎక్స్‌రే తీస్తారు. "ఎముక విరగలేదు" అనగానే ఇంటిల్లిపాదికీ టెన్షన్ పోతుంది. నాకు భయం మొదలయ్యేది అక్కడే.

చేతిలోని చిన్న కండరాలు దాదాపు పది అరల్లో ఉంటాయి. అర చుట్టూ ఉన్న పొర సాగదు. లోపల వాపు వస్తే ఒత్తిడి పెరిగి కండరానికి రక్తం అందదు. ఇదే కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్. ఆరు గంటలు దాటితే కండరం చచ్చిపోయే ప్రమాదం ఎక్కువ, ఆపై వేళ్లు వంకరపోయి అలాగే ఉండిపోవచ్చు.

పట్టుకోవాల్సిన గుర్తు నొప్పి. దెబ్బను మించిన నొప్పి, మందులకు లొంగని నొప్పి, గంటగంటకూ పెరిగే నొప్పి. చెయ్యి ఉబ్బి చెక్కలా బిగుసుకుంటుంది. వేళ్లు సగం ముడుచుకుని ఉంటాయి, ఇంకొకరు మెల్లగా కదిపినా ప్రాణం పోయినట్టుంటుంది. నాడి కొట్టుకుంటోందనీ తిమ్మిరి లేదనీ ధైర్యపడొద్దు. స్పర్శ తెలిపే నరాలు ఆ అరల గుండా పోవు కాబట్టి తిమ్మిరి రాకపోవచ్చు. చిన్నపిల్లలు చెప్పలేరు, ఏడుపు ఆగకపోతే అనుమానించండి.

ఇక స్కాన్ల సంగతి. ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది, ఒత్తిడి కనిపించదు. రక్తప్రవాహాన్ని చూసే డాప్లర్ స్కాన్‌లో పెద్ద నాళాల్లో రక్తం బాగానే పారుతున్నట్టు రావచ్చు. ఎమ్మారై వాపును చూపిస్తుంది గానీ ఒత్తిడిని కొలవదు, పైగా దానికోసం వేచి ఉంటే ఉన్న సమయం కాస్తా పోతుంది. సందేహం ఉంటే డాక్టర్లు సూదితో అరలోని ఒత్తిడి కొలుస్తారు. బీపీలో కింది అంకెకూ దానికీ తేడా 30 లోపు ఉంటే ప్రమాదమే. లక్షణాలు స్పష్టంగా ఉంటే అదీ కొలవకుండానే పొర కోసి ఒత్తిడి వదిలిస్తారు.

ఆసుపత్రికి వెళ్లే దారిలో గట్టి కట్టు కట్టకండి, మర్దనా చేయకండి. చేతిని గుండె ఎత్తులోనే ఉంచండి, పైకి వేలాడదీస్తే రక్తం ఇంకా తగ్గుతుంది. పిండికట్టు వేశాక నొప్పి పెరిగితే రాత్రయినా సరే వెనక్కి వెళ్లి కట్టు విప్పించండి. దెబ్బ తగిలిన టైము చీటీ మీద రాసి జేబులో పెట్టుకోండి. డ్యూటీ డాక్టరు మొదట అడిగేవాటిలో అదొకటి.