తలుపు మూల బయటికి వస్తే ముందు హింజ్ జోలికి వెళ్లకండి

సొంతంగా క్యాబినెట్ చేసుకున్నవాళ్లు నా దగ్గరికి తెచ్చే సమస్య పదిసార్లలో తొమ్మిదిసార్లు ఇదే. రెండు తలుపులు మూస్తే ఒకదాని మూల నాలుగైదు మిల్లీమీటర్లు ముందుకు పొడుచుకుని ఉంటుంది. నేను చూసేసరికే హింజ్ స్క్రూలు అటూ ఇటూ తిప్పీ తిప్పీ వాటి తలలు అరిగిపోయి ఉంటాయి. కొందరు తలుపుకు చిత్రిక కూడా పట్టేసి ఉంటారు. రోగం ఒకచోట ఉంటే మందు ఇంకోచోట పూస్తున్నారు.

నేను మాట్లాడేది 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తోనో ఎండీఎఫ్‌తోనో (చెక్క నారను జిగురుతో అదిమి చేసిన పలక) పెట్టె కట్టి, తలుపు లోపలివైపు దాగి ఉండి స్క్రూలతో సర్దుకునే ఆటో హింజ్‌లతో తలుపులు బిగించి, ఇంట్లోనే రంగు వేసుకుని, నేల మీద విడిగా నిలబెట్టే క్యాబినెట్ గురించి. కోత, డ్రిల్లింగ్, లప్పం, ప్రైమర్ మీకు వచ్చనే అనుకుంటున్నాను.

సమస్య: ఒక్క మూల మాత్రమే బయటికి వచ్చింది, లేదా ఒక తలుపు పైకి ఒకటి కిందికి ఉంది

కారణం నేల. ముందు నేల చూడండి. ఇది చెప్పీ చెప్పీ నాకు విసుగొచ్చింది గానీ ఈ ఒక్క పని ఎవరూ చేయరు.

మూత లేని అట్టపెట్టెను పక్కకు పడుకోబెట్టి కింది మూల ఒకటి కొంచెం ఎత్తి చూడండి. పెట్టె నోరు వెంటనే మెలి తిరుగుతుంది. తలుపులు లేని క్యాబినెట్ కూడా అంతే. వెనక పలక ఉంటుంది, ముందు ఖాళీ. నేల ఒకచోట మూడు మిల్లీమీటర్లు పల్లంగా ఉంటే పెట్టె ఆ పల్లంలోకి ఒరిగి మెలి తిరుగుతుంది, తలుపులు ఆ మెలికను బయటికి చూపిస్తాయి. తలుపుల తప్పు అందులో ఏమీ లేదు.

"కాళ్లన్నీ నేలకు ఆనే ఉన్నాయి, సందు లేదు" అంటారు. బరువు పెట్టిన క్యాబినెట్ నేలకు తగ్గట్టు తనే వంగుతుంది కాబట్టి సందు కనిపించదు. కాళ్ల కింద కాగితం దూర్చి చూసే పరీక్ష ఇక్కడ పనికిరాదు. క్యాబినెట్ అడుగు పలక మీద రసమట్టం పెట్టండి. ముందు అంచున ఎడమ నుంచి కుడికి ఒకసారి, వెనక అంచున మళ్లీ ఒకసారి. రెండుచోట్లా బుడగ ఒకే స్థానంలో ఆగాలి. ముందు ఒకలా, వెనక ఇంకోలా చూపిస్తే పెట్టె మెలి తిరిగినట్టే. బుడగ సరిగ్గా మధ్యలో లేకపోయినా తలుపులకు పెద్ద నష్టం లేదు. ముందూ వెనకా ఒకేలా ఉండటమే ముఖ్యం.

సరిచేయడానికి సామాను మొత్తం బయట పెట్టి, పల్లంగా ఉన్న మూల కింద పలచని ప్లైవుడ్ ముక్కో గట్టి ప్లాస్టిక్ ముక్కో దూర్చండి. అట్టముక్క వద్దు, నెల తిరగకుండానే నలిగిపోతుంది. ముక్క దూరుస్తూ తలుపు మూలనే చూస్తూ ఉండండి. మీ కళ్లముందే లోపలికి వస్తుంది. రెండోసారి క్యాబినెట్ చేసేటప్పుడు మాత్రం తిప్పితే ఎత్తు మారే కాళ్లు వేసుకోండి, ఈ బాధ ఉండదు.

హింజ్ స్క్రూల పని దీని తర్వాతే. వాటితో సర్దగలిగేది మామూలుగా ఒక్కో వైపు రెండు మిల్లీమీటర్ల చిల్లర. ఐదు మిల్లీమీటర్ల మెలికను వాటితో దిద్దబోతే ఒక సందు సరిపోయేసరికి ఇంకో సందు చెడుతుంది.

సమస్య: పై మూల, కింది మూల రెండూ బయటికి, మధ్యలో మాత్రం ఆనుకుని ఉంది

రసమట్టం సరిగ్గానే ఉంది, క్రాస్ కొలతలు (పెట్టెకు ఒక మూల నుంచి ఎదురు మూలకు కొలిచినవి) రెండూ సమానం, హింజ్‌లు గట్టిగా ఉన్నాయి. అయినా తలుపు అంచు విల్లులా ఉంది. దీని దగ్గర నేను ఒక తలుపు పాడు చేసుకున్నాను కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

పనిముట్లు పెట్టుకోవడానికి ఒక పొడవాటి క్యాబినెట్ చేశాను. ఆరడుగుల ఎండీఎఫ్ తలుపులు. బయటివైపు ప్రైమర్, దాని మీద మూడు కోట్ల ఎనామెల్ వేశాను, ప్రతి కోటుకూ మధ్య గరుకు కాగితంతో రుద్దాను. లోపలివైపు ఎవరు చూస్తారులే అని ఒక్క ప్రైమర్‌తో వదిలేశాను. బిగించిన రోజు రెండు తలుపుల మధ్య సందు పై నుంచి కింది దాకా రెండు మిల్లీమీటర్లు, గీత గీసినట్టు ఉంది. మూడు వారాల తర్వాత గాలిలో తేమ పెరిగిన రోజుల్లో చూస్తే తలుపు పై మూల, కింది మూల ముందుకు వచ్చేశాయి. హింజ్‌లు తిప్పాను, లాభం లేదు. చివరికి రెండు తలుపులు కలిసేచోట, మూలలు రాసుకుంటున్న భాగాన్ని చిత్రిక పట్టి సమం చేశాను. నెలన్నర తర్వాత గాలి పొడిబారింది, తలుపు దానంతటదే నిటారుగా అయింది. నేను చిత్రిక పట్టిన చోట ఇప్పుడు చిటికెన వేలు దూరేంత సందు. కొత్త తలుపు చేయక తప్పలేదు.

జరిగింది ఇది. చెక్కకు సంబంధించిన ఏ పలకైనా గాలిలోని తేమను పీల్చి ఉబ్బుతుంది, తేమ పోతే కుంచించుకుపోతుంది. రంగు దీన్ని ఆపలేదు, నెమ్మది మాత్రమే చేస్తుంది. బయటివైపు మూడు కోట్లు ఉంటే అటువైపు తేమ చాలా నెమ్మదిగా దిగుతుంది. ఒట్టి ప్రైమర్ ఉన్న లోపలివైపు గబగబా పీల్చేసి ఉబ్బుతుంది. లోపలి ముఖం పొడుగైంది, బయటి ముఖం అలాగే ఉంది. పలక లోపలివైపుకు బొజ్జ పెట్టి, పైనా కిందా మూలలు బయటికి తిరుగుతాయి. గాలి పొడిబారితే ఇదే తిరగబడి మధ్యభాగం బయటికి పొంగుతుంది.

లెక్క చూస్తే ఎంత చిన్న తేడా చాలో తెలుస్తుంది. తలుపు ఎత్తు 1800 మిల్లీమీటర్లు, మందం 18. లోపలి ముఖం బయటి ముఖం కంటే 0.36 మిల్లీమీటర్లు పొడుగైతే చాలు, మధ్యలో వంపు 4.5 మిల్లీమీటర్లు వస్తుంది. పైగా వంపు ఎత్తుకు వర్గంగా పెరుగుతుంది. తలుపు ఎత్తు సగమైతే అదే తేమకు వంపు నాలుగో వంతే. చిన్న తలుపులకు లోపల రంగు వేయకుండా ఏళ్ల తరబడి నెట్టుకొచ్చినవాళ్లు మొదటి పొడవాటి తలుపు దగ్గరే దెబ్బ తినడానికి కారణం ఇదే.

అందరూ మరిచిపోయే చోటు ఇంకొకటి ఉంది. తలుపు బిగించి ఉండగానే కింది అంచు మీద వేలు పెట్టి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా రాయండి. నున్నగా జారిందా, గరుకుగా పొట్టులా తగిలిందా? గరుకుగా ఉంటే అక్కడ రంగు పడలేదు. కింది అంచు కంటికి కనిపించదు కాబట్టి బ్రష్ అక్కడికి వెళ్లదు. ఎండీఎఫ్ నీటిని అన్నిటికంటే ఎక్కువ పీల్చేది అంచుల గుండానే. పై అంచూ అంతే, ఆరడుగుల ఎత్తున ఉంటే దాన్ని ఎవరూ తడిమి చూడరు.

నేల వల్లా, తేమ వల్లా అని తేల్చుకోవడం కష్టం కాదు. నేల వల్లైతే సాధారణంగా ఒక మూలే తేడాగా ఉంటుంది, కాలు కింద ముక్క దూర్చగానే కదులుతుంది, వాతావరణంతో పనిలేకుండా రోజూ ఒకేలా ఉంటుంది. తేమ వల్లైతే రెండు మూలలూ ఒకేవైపు వంగుతాయి, వారాల మీద మారుతూ పోతుంది. ఇంకా అనుమానం ఉంటే తలుపు ఊడదీసి, లోతుగా ఉన్న ముఖం మీద పై అంచు నుంచి కింది అంచుకు దారం బిగించి లాగి పట్టండి. మధ్యలో దారానికీ పలకకీ మధ్య ఎంత ఎడం ఉందో అదే మీ వంపు.

మరమ్మతులో తొందర పనికిరాదు. వంగిన తలుపుకు వెంటనే లోపల రంగు వేయకండి. పీల్చిన తేమ లోపలే చిక్కుకుని ఆ వంపు చాలాకాలం అలాగే ఉండిపోతుంది. తలుపును నాలుగు సమానమైన పుల్లల మీద పడుకోబెట్టి, రంగు తక్కువున్న ముఖం పైకి ఉంచి, పొడి గదిలో ఫ్యాన్ కింద కొన్ని రోజులు వదిలేయండి. ఎండలో మాత్రం పెట్టకండి, ఇంకోవైపుకు వంగుతుంది. రోజూ దారం పట్టి చూడండి. నిటారుగా అయిన రోజు లోపలి ముఖాన్ని 220 నంబరు కాగితంతో రుద్ది, బయట ఎన్ని కోట్లు వేశారో లోపలా అన్నే వేయండి. అదే రకం రంగు ఉండాలి. వర్ణం వేరైనా ఫర్వాలేదు. నాలుగు అంచులకు ఒక కోటు ఎక్కువే పడాలి.

కొత్తగా చేసేవాళ్లు రెండు ముఖాలూ ఒకదాని వెంట ఒకటి వేసుకోవాలి. దానికి ఒక చిన్న ఉపాయం ఉంది. చెక్కముక్కల్లోంచి మొన పైకి వచ్చేలా స్క్రూలు దించి నాలుగు ఆనికలు చేసుకోండి. ముందు లోపలి ముఖానికి రంగు వేయండి. అది ఆరాక తలుపును తిప్పి ఆ మొనల మీద ఆనించి బయటి ముఖానికి వేయండి. మొనల గుర్తులు నాలుగు లోపలివైపే పడతాయి. ఒకవైపు లామినేట్ అతికించి ఇంకోవైపు రంగు వేసినా, తలుపుకు ఒకవైపు నిలువుటద్దం పూర్తిగా జిగురుతో అతికించినా ఇదే వంపు రావచ్చని గుర్తుంచుకోండి.

వారం పది రోజులు ఆరబెట్టినా వంపు పోకపోతే పలక అలాగే బిగుసుకుపోయింది. రెండు మూడు మిల్లీమీటర్లైతే పైనా కిందా అయస్కాంతం క్యాచ్‌లు పెడితే మూలలు లోపలికి లాగి ఉంటాయి. అంతకు మించితే తలుపు లోపలివైపు గాడి తీసి బిగించే స్ట్రెయిట్‌నర్ రాడ్ ఉంటుంది, దాన్ని తిప్పితే వంపు తగ్గుతుంది. ఏది చేసినా చిత్రిక మాత్రం పట్టకండి.

సమస్య: తలుపు పెట్టెకు అతుక్కుపోయింది, లాగితే రంగు ఊడింది

రంగు నకిలీదని డబ్బాను తిట్టుకుంటారు. చాలాసార్లు రంగు బాగానే ఉంటుంది, మీరు తలుపు మూసిందే తొందరగా. చేతికి అంటకపోవడం వేరు, గట్టిపడటం వేరు. నీటి ఎనామెల్ కొన్ని గంటల్లో చేతికి అంటకుండా అవుతుంది గానీ పూర్తిగా గట్టిపడటానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. కోటు మందంగా వేసినా, చల్లగా తేమగా ఉన్నా ఇంకా ఎక్కువ. కనిపించని మూలలో గోరు గుచ్చి చూడండి. గోరు గుర్తు పడితే ఇంకా మెత్తగానే ఉంది.

అప్పటి దాకా తలుపులు కొంచెం తెరిచి ఉంచండి, తలుపు ఆనేచోట చిన్న రబ్బరు బొత్తాలు అతికించండి. అరల మీద బరువైన డబ్బాలు కూడా వెంటనే పెట్టకండి, అడుగున గుండ్రటి మచ్చ పడి డబ్బాతో పాటే రంగు లేస్తుంది. ఇప్పటికే ఊడిపోతే మర్నాడే పూయొద్దు. ఆ చోటు పూర్తిగా గట్టిపడనిచ్చి, అంచులు పలచబడేలా రుద్ది, పలచగా రెండు కోట్లు వేయండి.

సమస్య: రంగు పొరలుగా లేస్తోంది

లేచిన పొర వెనక్కి తిప్పి చూడండి. వెనక చెక్కపొట్టు అంటుకుని ఉంటే దుమ్ము తుడవకుండా ప్రైమర్ వేశారు. వెనక నున్నగా మెరుస్తుంటే కింది కోటును రుద్దకుండా పైది వేశారు. రెండిటికీ మందు ఒకటే, ఊడేదంతా గీకి, రుద్ది, తుడిచి మళ్లీ వేయడం. ఎండీఎఫ్ అంచు ఎన్ని కోట్లు వేసినా గరుకుగానే ఉంటే రంగు దండగ చేయకండి. అంచుకు పలచగా లప్పం పెట్టి రుద్ది, ప్రైమర్ రెండుసార్లు వేశాకే రంగు. కణుపుల దగ్గర పసుపు మచ్చలు వస్తే లక్కతో చేసిన ప్రైమర్ ఆ చోట్ల వేయాలి, మామూలుది ఆపలేదు.

సమస్య: తోస్తే పక్కలకు ఊగుతోంది

వెనక పలక చూడండి. పెట్టెను నిటారుగా పట్టి ఉంచేది అదే. నాలుగు మూలల్లో నాలుగు మేకులు కొట్టి వదిలేస్తే ఊగక ఏం చేస్తుంది? క్రాస్ కొలతలు రెండూ సమానం చేసుకుని, ఆరంగుళాలకో స్క్రూ చొప్పున చుట్టూ బిగించండి. పొడవాటి క్యాబినెట్ అయితే ఊగకపోయినా సరే, పై భాగాన్ని గోడకు ఒక బ్రాకెట్‌తో పట్టించండి. బరువైన తలుపులు రెండూ ఒకేసారి తెరిచినప్పుడు అది ముందుకు తూలుతుంది. పిల్లలు తిరిగే ఇంట్లో ఈ బ్రాకెట్ లేకుండా నేను ఏ క్యాబినెట్‌నూ నిలబెట్టను.

ఇక మిగిలినవి. హింజ్‌లోనే లోపం ఉండటం నేను ఒకటి రెండుసార్లు మించి చూడలేదు. ప్లైవుడ్ లోపలి పొర విడిపోతే తలుపు మార్చుకోవడమే. హింజ్ స్క్రూ పట్టు వదిలి గిరగిరా తిరుగుతుంటే రంధ్రంలో జిగురు రాసిన చెక్కపుల్ల దూర్చి, ఆరాక మళ్లీ బిగించండి.