లోపలి బ్రేకు ప్యాడ్ అరిగి బయటిది మిగిలితే

మార్చిలో ఒక ట్యాక్సీ అబ్బాయి తిరుమల నుంచి దిగి, అలిపిరి దాటగానే నేరుగా నా షెడ్డుకు వచ్చాడు. ముందు ఎడమ చక్రంలో ఇనుము ఇనుమును గీస్తున్న చప్పుడు. "అన్నా, బ్రహ్మోత్సవాలప్పుడు నువ్వే కదా ప్యాడ్లు వేశావు? ఆరు నెలలు తిరగలేదు. కొండ తినేస్తోంది" అన్నాడు. చక్రం విప్పి, రెండు ప్యాడ్లూ తీసి పాత దినపత్రిక మీద పక్కపక్కన పెట్టాను. బయటి దానికి ఇంకా 8 మిల్లీమీటర్ల లైనింగ్, అంటే అరిగే పొర, ఉంది. లోపలి దానికి అసలు లేదు. వెనకున్న ఇనుప రేకు, చక్రంతో పాటు తిరిగే డిస్క్ మీద చాళ్లు దున్నేసింది.

కొండ తింటే రెండింటినీ తింటుంది. దిగే బండ్లన్నీ 1944లో తెరిచిన పాత ఘాట్ రోడ్డు మీదుగానే వస్తాయి, మలుపు మలుపుకూ బ్రేకు పడుతుంది. వాలులో బరువు ముందుకు వస్తుంది కాబట్టి ముందు ప్యాడ్లు వెనకవాటికన్నా త్వరగా అరగడం సహజం. ఒకే చక్రంలో లోపలికీ బయటికీ తేడా వచ్చినా, ఎడమకూ కుడికీ తేడా వచ్చినా ఆ నేరం బండిది. ఈ బండి విషయంలో నాది. బ్రహ్మోత్సవాల రద్దీలో వరుసగా బండ్లు నిలబడి ఉంటే, ప్యాడ్లు మార్చి పంపేశానే తప్ప, ప్యాడ్లను రెండు వైపుల నుంచి డిస్క్‌కు నొక్కే కాలిపర్ పిన్నులు బయటికి తీసి చూడలేదు.

మీరే విప్పి చూసుకోవాలనుకుంటే, చదునైన చోట నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి. చక్రం నట్లు నేల మీద ఉండగానే కాస్త వదులు చేసుకోవాలి. జాకీని మాత్రమే నమ్మి పని చేయవద్దు, కింద స్టాండ్ పెట్టండి. కాలిపర్ విప్పాక దాన్ని బ్రేక్ ఆయిల్ తెచ్చే హోస్ పైపు మీద వేలాడదీయకుండా తీగతో స్ప్రింగుకు కట్టండి. ప్యాడ్ల పొడిని నోటితోగానీ గాలితోగానీ ఊదవద్దు, తడిగుడ్డతో తుడవండి.

తీసిన పాత ప్యాడ్లను పారేయకండి. జబ్బు జాతకం వాటి మీదే రాసి ఉంటుంది. ఏది ఎక్కడిదో సుద్దతో గుర్తు పెట్టుకోండి.

మన రోడ్ల మీద తిరిగే చాలా కార్లలో, ఆయిల్ ఒత్తిడికి ముందుకు కదిలే పిస్టన్ కాలిపర్‌లో ఒక పక్కనే ఉంటుంది. అది లోపలి ప్యాడ్‌ను నొక్కుతుంది. ఆ ఒత్తిడికి కాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద జరిగి బయటి ప్యాడ్‌ను లాక్కొస్తుంది. పిన్నులు పట్టేస్తే కాలిపర్ జరగదు, పని భారమంతా లోపలి ప్యాడ్ మీదే పడుతుంది. బ్రేకు పడినప్పుడు జరిగినా, వదిలాక వెనక్కి రాకపోతే బయటిది ఎక్కువ అరుగుతుంది. ప్యాడ్ ఒక కొస పలచగా, ఒక కొస మందంగా అరిగితే ఒక పిన్ను పట్టేసిందనో, ప్యాడ్ కూర్చునే బ్రాకెట్ గాడిలో తుప్పు చేరి ప్యాడ్ ఇరుక్కుందనో అనుమానించాలి.

ఒక చక్రంలో రెండు ప్యాడ్లూ అరిగిపోయి, అవతలి చక్రంలో బాగుంటే ఇంకో పరీక్ష ఉంది. చక్రం పైకెత్తి, ఒకరిని బ్రేకు తొక్కి వదలమనండి. తిప్పితే బిగుసుకుని ఉందా? కాలిపర్ మీద ఆయిల్ బయటికి వదిలే చిన్న మర, బ్లీడర్ నిప్పిల్, కొద్దిగా వదులు చేయండి. ఆయిల్ చిమ్మి చక్రం వదులైతే హోస్ పైపు లోపల ఉబ్బి ఒత్తిడిని వెనక్కి పోనివ్వడం లేదని అర్థం. అప్పటికీ బిగుసుకునే ఉంటే పిస్టనో పిన్నులో పట్టేశాయి. రెండు చక్రాలూ స్వేచ్ఛగా తిరిగితే మాత్రం, అరగని పక్క కాలిపర్ సరిగా పని చేయడం లేదేమో చూడాలి.

ఆ అబ్బాయి బండిలో కింది పిన్ను చేతికి రాలేదు. ప్లయర్‌తో మెలితిప్పుతూ లాగితే ఎర్రటి తుప్పు పొడితో బయటికి వచ్చింది. పిన్నును కప్పే రబ్బరు బూటు చిరిగి నీళ్లు దిగాయి. అలాంటి పిన్నును సన్నటి ఎమరీ కాగితంతో రుద్దండి. గుంటలు పడి ఉంటే కొత్తది వేయండి, బూటు ఎలాగూ మార్చాలి. రంధ్రాన్ని తుడిచి, బ్రేకుల కోసమే అమ్మే సిలికాన్ గ్రీజు పలచగా రాయండి. షెడ్డులో డబ్బాలో ఉండే మామూలు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి పిన్ను మళ్లీ పట్టేస్తుంది. కొన్ని బండ్లలో ఒక పిన్నుకు చివర రబ్బరు తొడుగు ఉంటుంది, పైదీ కిందదీ తారుమారు చేయవద్దు. బిగించే ముందు వేలితో నొక్కి చూడండి: పిన్ను మెత్తగా లోపలికి పోయి బయటికి రావాలి.

పిస్టన్‌ను సి-క్లాంపుతో నెమ్మదిగా లోపలికి నొక్కేటప్పుడు పైన ఆయిల్ డబ్బా పొంగకుండా చూసుకోండి. హ్యాండ్ బ్రేకు కలిసి ఉన్న వెనక కాలిపర్లలో చాలావాటికి పిస్టన్‌ను తిప్పుతూ లోపలికి పంపాలి, నొక్కితే పాడవుతుంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది, పిస్టన్ తుప్పుకు అదీ ఒక కారణం. 2 ఏళ్లకోసారి మార్చండి.

కొత్త ప్యాడ్లు రెండు పక్కలా ఒకేసారి వేయాలి. డిస్క్ అంచున చెక్కిన కనీస మందం కన్నా పలచబడితే డిస్క్‌లూ జంటగానే మార్చాలి. బండి కదిపే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కండి. ఇది మరిచిపోయి షెడ్డు గోడకు గుద్దిన కుర్రాడు మా దగ్గరే ఉన్నాడు. తర్వాత ఖాళీ రోడ్డు మీద 60 కిలోమీటర్ల వేగం నుంచి 20కి ఎనిమిది పది సార్లు, మధ్యలో చల్లారనిస్తూ, నెమ్మదిగా బ్రేకు వేయండి. కొత్త ప్యాడ్లతో ఆ రోజే కొండెక్కవద్దు. దిగేటప్పుడు రెండో గేరు, ఇంజిన్ ఆపకుండా.

వారం తర్వాత ఆ అబ్బాయి కొండ దిగి వచ్చాడు. చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూశాను, డిస్క్‌ను ముట్టుకోకుండానే సుమా. రెండు పక్కలా ఒకే సెగ. డిస్క్‌ల డబ్బులు అతని దగ్గర తీసుకోలేదు.